పల్చని ట్యాంకు

ప్లాంటులో అందరూ ఆయన్ని బావ అనే పిలిచేవారు. అలా పిలిచే హక్కున్న మనిషి అక్కడ ఒక్కతే, పరిశోధన విభాగంలో పనిచేసే ఆయన మరదలు. రొట్టెలు పొంగించే ఈస్టు తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్న ఆయన్ని ఇక్కడ ట్యాంకు ఆపరేటరుగా పెట్టించింది ఆమే. చేరిన మొదటి రోజు హాలు అవతలి చివరనుంచి "బావా, ఆ వాల్వు ముట్టుకోకు" అని ఆమె వేసిన కేక గేటు దాకా వినపడింది. సాయంత్రానికి సెక్యూరిటీ వాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. వారం తిరిగేలోపు డైరెక్టర్ కూడా బావా అనడం మొదలుపెట్టాడు.

"పెళ్ళినాడు నాకు ఒక్క మరదలే అన్నారు. ఇక్కడికొచ్చాక చూస్తే గేటు దగ్గర మీసాల మరదలు కూడా ఉంది," అనేవాడు బావ.

ఆమెకూ ప్లాంటు ఒక పేరు పెట్టింది. పురుగులమ్మ. బాక్టీరియా పురుగులు కావని ఆమె మొదట్లో చెప్పి చూసింది. తర్వాత ఊరుకుంది.

ఆమె పని డీజిల్‌లోంచి గంధకం తీయడం. డీజిల్ కాలినప్పుడు అందులోని గంధకం పొగలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వానలో కలిసి యాసిడ్ అయి నేలకు దిగుతుంది. రిఫైనరీలు దాన్ని హైడ్రోజన్‌తో తీస్తాయి. అందుకు కొలిమిలాంటి వేడి కావాలి, దళసరి ఉక్కు పాత్రలు కావాలి. అలా తీశాక కూడా కొంత మిగులుతుంది. అది కర్బన వలయాల మధ్య ఇరుక్కుని ఉంటుంది, హైడ్రోజన్‌కు ఓ పట్టాన అందదు. మట్టిలో బతికే ఒక బాక్టీరియాకు అందుతుంది. గంధకం లేనిదే ఏ ప్రాణీ బతకదు. ఎక్కడా దొరకనప్పుడు ఈ బాక్టీరియా ఆ వలయంలోంచి గంధకాన్ని మాత్రం తెంపుకుని, మిగతాదాన్ని డీజిల్‌కే వదిలేస్తుంది. తెంపే పని చేసే జన్యువులు దానికి కొన్నే ఉంటాయి. పురుగులమ్మ వాటికి నకళ్ళు తీసి, అదనంగా దాని ఒంట్లో పెట్టింది. నెమ్మదిగా తెంపేది ఇప్పుడు గబగబా తెంపుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. అదనపు జన్యువులు ఆ బాక్టీరియాకు మోత. గంధకానికి మొహం వాచి ఉన్నంతకాలం మోస్తుంది, ఎందుకంటే మోస్తేనే తిండి. గంధకం ఇంకోచోట తేలిగ్గా దొరికితే డీజిల్ జోలికి పోదు. కొన్ని తరాల్లో మోతను దించేసినవి పుడతాయి. బరువు లేదు కాబట్టి అవే వేగంగా పెరిగి ట్యాంకంతా నిండుతాయి.

అందుకే హాలులో ఒకటే నియమం. గంధకం ఉన్నది ఏదీ లోపలికి రాకూడదు. గాజు సీసాలు సబ్బుతో కడగరు. రబ్బరు తొడుగులు వాడరు, రబ్బరులో గంధకం ఉంటుంది. మామూలు లవణాల బదులు గంధకం లేని లవణాలు తెప్పిస్తారు. బావ ఈ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నాడు. అగ్గిపుల్ల తలలో గంధకం ఉంటుందని విన్నాక జేబులో అగ్గిపెట్టె పెట్టుకోవడం మానేశాడు. దాంతో సిగరెట్లూ పోయాయి.

"పాతికేళ్ళు నేను మొత్తుకుంటే మానలేదు," అంది అక్క చెల్లెలితో. "నీ పురుగుల కోసం మానేశాడు. వాటికి నా నమస్కారం చెప్పు."

ఓడల కంపెనీ ఒకటి ఈ పద్ధతిని కొనడానికి ముందుకొచ్చింది. రేవుల్లో తమ ఇంధన గోదాముల పక్కన ఇలాంటి ట్యాంకులు పెట్టుకోవాలని వాళ్ళ ఆలోచన. వాళ్ళ ఎదుట ఒకసారి చేసి చూపించాలి. పది లక్షల పాళ్ళ డీజిల్‌లో మూడు వందల నలభై పాళ్ళున్న గంధకం పదికి దిగాలి. దిగితే కొంటారు. దిగకపోతే ఈ విభాగాన్ని మూసేస్తానని ఛైర్మన్ ముందే చెప్పాడు. మూసేస్తే ఆ బాక్టీరియా ఫ్రీజర్‌లో ఉండిపోతుంది. అది కంపెనీ సొత్తు కాబట్టి పురుగులమ్మ దాన్ని ఇంకెక్కడికీ పట్టుకెళ్ళడానికి వీల్లేదు. ఆమె ఉద్యోగ జీవితంలో చేసిన పని అదొక్కటే.

పరీక్ష దగ్గర పడ్డాక డైరెక్టర్ ఒక మధ్యాహ్నం హాలుకు వచ్చాడు. ట్యాంకుకు నడుము ఎత్తున ఒక గాజు కిటికీ ఉంది. ఆయన వంగి అందులోకి చూశాడు.

"ఇదేంటమ్మా, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది."

"ఇలాగే ఉంటుంది సార్," అంది పురుగులమ్మ. "ఆకలి మీద ఉంచాం. ఆకలి మీద ఎక్కువ పెరగవు."

"అంత దూరంనుంచి వస్తున్నారు. ఈ నీళ్ళు చూపిస్తే ఏమనుకుంటారు? కొంచెం చిక్కగా చెయ్యి."

"కుదరదు సార్. చిక్కదనం వేరు, పని వేరు. వాళ్ళు చూడాల్సింది మీటరు."

"మీటరులో ఏముందమ్మా, అంకెలు. మనిషి కంటికి ఏదో ఒకటి కనపడాలి."

"అంకె దిగడం కనపడుతుంది సార్."

డైరెక్టర్ నిటారుగా నిలబడి చొక్కా సర్దుకున్నాడు. సరేలే అన్నాడు. బావ అవతల మెట్ల మీద నిలబడి ఒక గేజి తుడుస్తున్నాడు. ఆయనకు ఈ మాటలు వినపడలేదు. మోటారు చప్పుడులో ఆ దూరానికి ఏ మాటా వినపడదు.

ఆ తర్వాత పురుగులమ్మ హాలుకు రాలేదు. గంధకం కొలిచే మీటరును సరిచూడటంతో ఆమెకూ, మీటరు నడిపే అమ్మాయికీ లాబ్‌లోనే సరిపోయింది. అంకె మీద అనుమానం రాకూడదని ఒక్కో నమూనాను మళ్ళీ మళ్ళీ కొలిచి చూసుకున్నారు. ట్యాంకు సంగతి బావ చూసుకుంటాడు. ఆ ధీమా ఆమెకుంది.

పరీక్ష రోజు ఓడల కంపెనీ ఇంజనీరును, ఆవిడ వెంట వచ్చినవాళ్ళను తీసుకుని ఆమె హాలులోకి అడుగుపెట్టింది. కిటికీ వైపు చూసి ఆగిపోయింది. ట్యాంకులో ద్రవం కాచిన పాలలా ఉంది. పైన బెత్తెడు నురగ. కిటికీ అద్దం మీద మీగడలాంటి పొర కట్టింది.

బావ ఉతికిన యూనిఫారం వేసుకుని ట్యాంకు పక్కన నిలబడ్డాడు. మరదల్ని చూసి కనుబొమ్మలెగరేశాడు. ఎలా ఉంది అన్నట్టు.

"చాలా ఆరోగ్యంగా ఉన్నాయే," అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు. ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు. డైరెక్టర్ అతన్ని ఇంకో వైపునుంచి కూడా తీసుకోమన్నాడు.

వచ్చినవాళ్ళ ముందు బావను అడగడానికి పురుగులమ్మకు వీలు లేదు. అందరూ చూస్తుండగా డీజిల్ లోపలికి వదిలారు. మోటారు వేగం పెంచారు. మధ్యాహ్నం మొదటి నమూనా తీశారు. మీటరమ్మాయి కొలిచింది. మూడు వందల ముప్పై ఎనిమిది. కాసేపాగి మళ్ళీ కొలిచారు. మూడు వందల ముప్పై ఆరు. సాయంత్రం నమూనా కూడా అంతే. ఇంజనీరు తన సంచి సర్దుకుంది.

"మీ మీటరు బాగానే ఉంది కదా?" అని అడిగింది.

"మీటరు బాగానే ఉంది," అంది పురుగులమ్మ.

వాళ్ళు వెళ్ళాక ఆమె ట్యాంకు దగ్గరికి వచ్చింది. బావ నురగ తీస్తున్నాడు. ట్యాంకు దగ్గర మామూలుగా డీజిల్ వాసన తప్ప ఇంకేమీ ఉండదు. ఇప్పుడు రొట్టెల దుకాణం వెనక సందులా వాసన వస్తోంది.

"బావా, ఇందులో ఏం వేశావు?"

"తిండి వేశాను," అన్నాడు ఆయన. దాచలేదు, తడబడలేదు. "మీ లాబ్‌లో డబ్బా ఉందిగా, ఈస్టు సారం. అది. ఎందుకు, తక్కువైందా?"

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"గంధకం ఉన్నది ఏదీ వెయ్యకూడదని నీకు తెలుసు కదా."

"అందులో గంధకం ఎక్కడుంది? అది తిండి. నేను సగం జీవితం దాని మధ్యే బతికాను, నాకు తెలీదా? ఉప్పు వెయ్యలేదు, సబ్బు తగలనివ్వలేదు. చేతికి ప్లాస్టిక్కు తొడుగు వేసుకుని మరీ వేశాను."

"మాంసకృత్తులున్న ప్రతి తిండిలోనూ గంధకం ఉంటుంది బావా."

"మరి సీసాల్లో మీరే వేస్తారుగా. నేను చూశాను."

"మొదట్లో వేస్తాం, తొందరగా పెరగడానికి. తర్వాత కడిగేస్తాం. కడిగాకే నీ దగ్గరికి పంపుతాం."

"కడగడం నేను చూడలేదే," అన్నాడు బావ. చేతిలో గరిటె అలాగే పట్టుకుని కిటికీలోకి చూశాడు. ఈస్టు ఫ్యాక్టరీలో ట్యాంకు పల్చబడితే షిఫ్టు మనిషికి తలవంపులు. లోపలున్నవి ఆకలితో ఉన్నాయని, కాపలా మనిషి కునుకు తీశాడని అందరికీ తెలిసిపోతుంది. అక్కడ మెచ్చుకోలు ఎప్పుడు వచ్చినా చిక్కటి ట్యాంకుకే వచ్చింది. ఇక్కడ చేరిననాటినుంచి పల్చని ట్యాంకును చూసి మనసు చంపుకుంటూ వచ్చాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఇన్నాళ్ళూ వెయ్యలేదు కదా. ఇప్పుడెందుకు వేశావు?"

"డైరెక్టర్ గారు చెప్పారు. నువ్వు లాబ్‌లో ఉన్నప్పుడు వచ్చారు. బావా, ఇది మరీ నీళ్ళలా ఉంది, నీకు ఈస్టు పని తెలుసు కదా, కొంచెం చిక్కగా చెయ్యి అన్నారు. మరదల్ని అడుగుతాను సార్ అన్నాను. ఆమెతో మాట్లాడాను, నువ్వు కానియ్ అన్నారు." ఆగి అన్నాడు, "మాట్లాడలేదా?"

"మాట్లాడారు," అంది ఆమె. "కుదరదన్నాను."

బావ గరిటె కింద పెట్టాడు.

"నీకు సాయం చేస్తున్నాననుకున్నాను అమ్మాయ్," అన్నాడు.

మర్నాడు డైరెక్టర్ లాబ్‌కు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"ఆపరేటరు ఏదో కలిపాడటగా."

"మీరు చెప్పారని అంటున్నాడు సార్."

"నేను రోజుకు వంద మాటలంటాను. చిక్కగా ఉంటే బాగుండు అన్నాను. అది కోరిక. ఆర్డరు కాదు. ఫలానా డబ్బాలోంచి ఫలానా పొడి తీసి వెయ్యమని నేను చెప్పానా?"

"లేదు సార్."

"మరి?" ఆయన బల్ల మీది గాజు గొట్టాన్ని ఒకదాన్ని తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఎల్లుండి మీటింగులో ఛైర్మన్ ఉంటాడు, ఆ ఓడల ఇంజనీరు ఉంటుంది. బాక్టీరియా పనికిరాదని తేల్చేసి లేచిపోదామని వస్తున్నారు. ఇంకోసారి చేద్దాం అని అడగాల్సింది నేను. నా మాట చెల్లితేనే అడగగలను. నా మీదే వేలెత్తితే నేను ఏ మొహం పెట్టుకుని అడగాలి? నాకేం, ఇంకో ఆఫీసుకు మారుస్తారు. నీ బాక్టీరియాను అడిగే దిక్కుండదు."

ఆమె ఆ గొట్టాన్ని తీసి కడగాల్సినవాటిలో పెట్టింది.

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. ఏం జరిగిందో చెప్పు. ఎవరేమన్నారో ఎందుకు?" అని వెళ్ళిపోయాడు.

మీటింగు గదిలో బల్ల చుట్టూ నలుగురే కూర్చున్నారు. పురుగులమ్మ లేచి నిలబడి చెప్పింది. ట్యాంకులో ఈస్టు సారం కలిసిందని, దానివల్ల బాక్టీరియాకు గంధకం తేరగా దొరికిందని, దొరికాక డీజిల్‌లో ఉన్నదాన్ని ముట్టుకోలేదని చెప్పింది. పాడైన ట్యాంకులోంచి తీసిన బాక్టీరియాలో అదనపు జన్యువులు చాలావరకు పోయాయని చూపించింది. ఫ్రీజర్‌లో ఉన్న అసలు విత్తనంలో అవి అలాగే ఉన్నాయని, సీసాల్లో పరీక్షిస్తే గంధకం పదికి లోపలే తేలిందని కూడా చూపించింది. ఛైర్మన్ మధ్యలో ఆపలేదు.

"అంటే బాక్టీరియా తప్పు కాదు, మనిషి తప్పు," అన్నాడు చివర.

"అవును సార్."

ఓడల ఇంజనీరు కాగితాల మీదనుంచి తలెత్తింది. "కలిపిన మనిషికి ఆ నియమం తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు కలిపాడు? కలపమని పైనుంచి ఎవరైనా చెప్పారా?"

డైరెక్టర్ మంచినీళ్ళ సీసా మూత తీస్తున్నాడు. తీసి, తాగకుండా మళ్ళీ బిగించాడు.

"ఆయన పాత ఈస్టు ఫ్యాక్టరీ మనిషి," అంది పురుగులమ్మ. "అక్కడ ట్యాంకు పల్చబడితే తిండి వేస్తారు. ఆ అలవాటు. ఈ సారంలో గంధకం ఉంటుందని ఆయనకు తెలియదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఇంజనీరు ఇంకా ఆమెనే చూస్తోంది, తను అడిగిన దానికి జవాబు రాలేదన్నట్టు.

"అలవాటు ఎక్కడికి పోతుందండీ," అన్నాడు డైరెక్టర్. "అదీ సంగతి. మేడమ్, మేం మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇంకొక్క అవకాశం."

పురుగులమ్మ కూర్చుంది. ఇంజనీరు మరో ప్రశ్న వెయ్యలేదు.

బయటకు వచ్చేటప్పుడు ఛైర్మన్ ఆమె పక్కన నడిచాడు. "ఆ ఆపరేటరు మీకు బంధువటగా?"

"మా అక్క భర్త."

"అయినా కప్పిపుచ్చలేదు. మీలాంటి వాళ్ళు కావాలి మాకు," అన్నాడు ఆయన.

రెండో పరీక్షకు ఒప్పుకున్నారు. షరతు ఒకటే, ట్యాంకు దగ్గర పాత మనిషి ఉండకూడదు. బావ గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేశాడు. గేటు మనిషి తీసుకోవడానికి మొహమాటపడితే, "తీసుకో మరదలా, లేకపోతే నీ ఉద్యోగం కూడా పోతుంది," అన్నాడట. ఈ మాట మీటరమ్మాయి వచ్చి చెప్పింది. పురుగులమ్మ ఆ సమయానికి లాబ్‌లో ఉంది. కిటికీలోంచి గేటు కనపడుతుంది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"మీ బావను తీసేశారు. నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"తెలిసే చేశావా?"

"ఏం జరిగిందో చెప్పమన్నారు. చెప్పాను."

"అంతా చెప్పావా?"

ఆమె నోరు విప్పేలోపే అక్క మళ్ళీ అందుకుంది. "ఆ డైరెక్టర్ చెప్తేనే చేశానని ఈయన అంటున్నాడు. ఆ మాట చెప్పి ఉంటే ఇద్దరినీ తీసేవాళ్ళు, లేదా ఇద్దరినీ ఉంచేవాళ్ళు. ఒక్కడినే ఎలా తీశారు? ఈయనేమో, అది చెప్పకుండా ఉండదు, దాని మాట ఎవరూ వినుండరు అంటాడు. నాకు మాత్రం లెక్క కుదరట్లేదు. నువ్వే పెట్టించావు, నువ్వే తీయించావు. మధ్యలో మా చేత నీకు దండాలు పెట్టించుకున్నావు."

"అక్కా, రెండోసారి పరీక్ష అయ్యాక మళ్ళీ మాట్లాడి—"

"చూసుకో. నీ పని చూసుకో," అంది అక్క. ఫోన్ పెట్టేసింది.

రెండో పరీక్షకు కొత్త ఆపరేటరు వచ్చాడు. కెమిస్ట్రీ చదువుకున్నవాడు. కాగితం మీద రాసి ఇస్తే తప్ప దేన్నీ ముట్టుకోడు. మోటారు చప్పుడు మారితే, "మేడమ్, చప్పుడు మారింది, ఏం చెయ్యమంటారు?" అని ఫోన్ చేసి అడుగుతాడు. బావ అయితే చేసేసి సాయంత్రం చెప్పేవాడు. కొత్తవాడే ఈ పనికి సరైనవాడని పురుగులమ్మ తనకు తాను చెప్పుకుంది. అది నిజం కూడా.

ట్యాంకు మళ్ళీ బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. డైరెక్టర్ కిటికీలోకి ఒకసారి చూసి పక్కకు తప్పుకున్నాడు. ఓడల ఇంజనీరు ఈసారి ఒక్కతే వచ్చింది. ట్యాంకును చూడకుండా నేరుగా మీటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. డీజిల్ వదిలారు. మధ్యాహ్నానికి అంకె నూట తొంభైకి దిగింది. పొద్దు వాలేసరికి నలభై. మీటరమ్మాయి చివరి నమూనా పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

"తొమ్మిది," అంది.

"ఇంకోసారి కొలవండి," అంది ఇంజనీరు.

ఇంకోసారీ తొమ్మిదే వచ్చింది. ఇంజనీరు లేచి పురుగులమ్మకు చెయ్యి కలిపింది. చెయ్యి వదలకుండానే, "ఆ పాత ఆపరేటరు ఏమయ్యాడు?" అని అడిగింది.

"మానేశారు," అని డైరెక్టర్ చెప్పాడు.

క్యాంటీన్‌లో కేకు కోశారు. డైరెక్టర్ మాట్లాడాడు. విజ్ఞానానికి క్రమశిక్షణ తోడైతే ఏమవుతుందో ఇవాళ చూశామన్నాడు. సొంతవాళ్ళని కూడా చూడకుండా నిలబడిన మనిషి మన మధ్య ఉందని పురుగులమ్మను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గేటు మనిషి కేకు ముక్క తీసుకోలేదు. డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు.

"మేడమ్, బావకు చెప్పారా?" అని అడిగింది మీటరమ్మాయి. "తొమ్మిది అంటే ఎగిరి గంతేస్తాడు."

మర్నాడు సెలవు. పురుగులమ్మ అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు. బయట చెప్పులు విడిచి తలుపు కొట్టింది. తలుపు తీసింది బావే. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్ళ చివర చర్మం నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంది. కార్లు కడిగే షెడ్డులో చేరాడని ఆమెకు ఎవరో చెప్పారు.

"రా రా. నాకు చెయ్యి అందించకు. ఇప్పుడు పొద్దస్తమానం సబ్బులోనే ఉంటున్నాను, నీ ట్యాంకులకు అంటు," అన్నాడు నవ్వుతూ. "ఏమైంది? అంకె చెప్పు ముందు."

"తొమ్మిది."

"తొమ్మిదే?" బావ కుర్చీ లాగి ఆమె ముందుకు తోశాడు. తను నిలబడే ఉన్నాడు. "సీసాలో కాదు కదా? ట్యాంకులో?"

"ట్యాంకులోనే."

"నురగ వచ్చిందా?"

"రాలేదు."

"రాదు. నాకిప్పుడు అర్థమైంది, రాకూడదు," అన్నాడు. రెండు అరచేతులూ పంచెకు తుడుచుకున్నాడు. "నా చేతి మీదుగా దిగలేదు. పోన్లే, దిగింది."

లోపలి గదిలో అక్క మిషను కుడుతోంది. బయట మాటలు వినపడుతున్నా మిషను ఆగలేదు. అక్క రాలేదు.

"బావా, మళ్ళీ తీసుకోమని ఛైర్మన్‌ను అడుగుతాను," అంది పురుగులమ్మ.

"వద్దు. ఒకసారి అడిగి నువ్వు మాటపడ్డావు, చాలు." బావ గొంతు తగ్గించి లోపలి గది వైపు చూశాడు, మళ్ళీ పెంచాడు, అక్కడికి వినపడాలన్నట్టు. "ఇంట్లో రోజూ ఇదే గొడవ. డైరెక్టర్ చెప్పాడన్న సంగతి నువ్వు అక్కడ అననే లేదంటుంది మీ అక్క. అందరిముందూ అని ఉంటుందే, ఆయన నేననలేదని బుకాయించి ఉంటాడు, పెద్దవాళ్ళ మాటే చెల్లుతుంది, అది ఒక్కతీ ఏం చేస్తుందే అని నేను. వినదు. నువ్వే చెప్పు. అన్నావు కదా?"

లోపల మిషను ఆగింది.

పురుగులమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన జవాబు కోసం ఎదురు చూడటం లేదు. జవాబు ఆయనకు తెలుసు. అది ఆమె నోట వస్తే భార్యకు వినిపించాలి, అంతే.

"అన్నాను బావా," అంది. "ఆయన ఒప్పుకోలేదు."

"విన్నావా?" అన్నాడు బావ మొహమంతా నవ్వుతో గది వైపు తిరిగి. "వినపడిందా? ఏమన్నాను నేను?"

అక్క మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెల్లెల్ని చూసింది. తర్వాత భర్తను చూసింది. గేటు దగ్గర కార్డు ఇచ్చిననాటినుంచి ఆయన ఇలా నవ్వింది లేదు.

"విన్నాను," అంది అక్క ఆయనతో. "నువ్వన్నదే నిజం."

తర్వాత ఆమె చెల్లెలి పక్కనుంచి బయటకు నడిచింది.

"కాస్త నీళ్ళయినా ఇవ్వవేం," అన్నాడు బావ. "కూర్చో అమ్మాయ్, అంకె ఎలా ఎలా దిగిందో మొదటినుంచీ చెప్పు."

అప్పటికే అక్క గుమ్మం బయటున్న చెల్లెలి చెప్పులు తీసి, వేసుకుని దిగిపోవడానికి వీలుగా మెట్ల వైపు తిప్పి పెట్టింది.